మన ఊళ్ల మీదుగా పోవు రైలు దారి

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను ఆదేశించిరి. పండుగనాడు గ్రంథాలయమును గూర్చి పొగడుట ఆచారము. నేను ఆ పనిని ఇతర వక్తలకు విడిచి, మన పొలాల ప్రక్కనే పగలురేయి పోవుచున్న రైలు దారిని గూర్చి మాట్లాడ తలచితిని. గ్రంథాలయ సభలో రైలు మాట యేల అని మీరు అడుగవచ్చును. ఈ రెంటికిని గల సంబంధము ప్రసంగము ముగియునప్పటికి మీకే తెలియగలదు.

ఏ బండి ఎన్ని గంటలకు వచ్చునో మన ఊళ్లలో బడిపిల్లలు కూడ చెప్పగలరు. కాని ఈ పట్టాలను ఎవరు పరచిరి? ఎవరి సొమ్ముతో పరచిరి? ఎవరి మేలు కోరి పరచిరి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు మనలో అరుదు. ఆ మూడింటికే నేడు నాకు తెలిసినంత సమాధానము చెప్పెదను.

ముందుగా దారిని ఒకసారి మనసులో గీచికొందము. సికింద్రాబాదులో బయలుదేరిన బండి భువనగిరి, ఆలేరు, జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘనపూరు దాటి కాజీపేటకు, వరంగల్లుకు వచ్చును. అచ్చటినుండి నెక్కొండ, ఇంటికన్నె, కేసముద్రము, తాళ్లపూసపల్లి దాటిన పిదప మన మానుకోట, అనగా మహబూబాబాదు. ఆ తరువాత గుండ్రాతిమడుగు, గార్ల, డోర్నకలు, ఖమ్మము, చివరకు కృష్ణ ఒడ్డున బెజవాడ. సికింద్రాబాదునుండి మానుకోటకు సుమారు 200 కిలోమీటర్లు. విజయవాడకు సుమారు 350. నేడు ఉత్తరదేశమునుండి మదరాసు దిక్కునకు పోవు పెద్ద బండ్లు అనేకము కాజీపేటలో ఈ దారినే పట్టుచున్నవి.

రైలు పుట్టినిల్లు ఇంగ్లండు. ఆ దేశపు ఈశాన్యభాగమున స్టాక్టన్ అను రేవునకును డార్లింగ్టన్ అను ఊరికిని నడుమ 1825 సెప్టెంబరు 27వ తేదీన ఆవిరియంత్రముతో ప్రజల రైలు మొదటిసారి నడచెను. ఆ రైలు ఎందుకు వేసిరి? మనుష్యులను మోయుటకు కాదు. గనులలోని బొగ్గును రేవునకు చేర్చుటకు. ఎవరి సొమ్ముతో వేసిరి? ఎడ్వర్డ్ పీజ్ మొదలగు ఆ సీమ వర్తకులు తమ సొమ్మును, తమ బంధుమిత్రుల సొమ్మును వాటాలుగా పెట్టి వేసిరి. లాభము వచ్చిన వారిది. నష్టము వచ్చినను వారిదే. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. మన దారియు సగము బొగ్గుకొరకే వచ్చినది. కాని నష్టము వచ్చినచో భరింపవలసినవారు వేరు. భేదమంతయు అక్కడనే కలదు.

మన దేశమున 1853 ఏప్రిల్ 16న బొంబాయినుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడచెను. అప్పటి రైలు కంపెనీలు లండనులో పుట్టినవి. ఇంగ్లండులోని మదుపుదారులు అపరిచితమైన దూరదేశమున సొమ్ము పెట్టుటకు జంకిరి. అందుచే ప్రభుత్వము వారికొక పూచీ నిచ్చెను. కంపెనీకి లాభము వచ్చినను రాకపోయినను, పెట్టిన పెట్టుబడిపై నూటికి ఐదు చొప్పున ఏటేట ముట్టవలెను. తక్కువ పడినంత మేర ఖజానానుండి పూరింపవలెను. దీనినే ‘గ్యారంటీ’ యనిరి. ఈ పద్ధతిలోని దోషమును రైతు సుళువుగా గ్రహింపగలడు. బావి త్రవ్వువానికి నీరు పడినను పడకున్నను కూలి ఖాయమైనచో, ఎక్కడ త్రవ్వవలెనో, ఎంత ఖర్చు పెట్టవలెనో అతడేల ఆలోచించును? దేశపు సొమ్ము పొదుపు లేక వ్యయమగుచున్నదని దాదాభాయి నౌరోజీ వంటి పెద్దలు ఆ కాలముననే ఎలుగెత్తి చాటిరి.

ఇక మన హైదరాబాదు రాజ్యపు సంగతికి వత్తము. బొంబాయినుండి మదరాసునకు పోవు దారి నిజాము రాజ్యపు పడమటి అంచున వాడి అను చోటుగా పోవుచుండెను. సికింద్రాబాదులోను, బొలారములోను ఇంగ్లీషువారి దండు విడిసియుండెను. ఆ దండును త్వరగా కదల్చుటకు వాడినుండి సికింద్రాబాదునకు రైలు కావలెనని వారు పట్టుపట్టిరి. అప్పటి దివాను మొదటి సాలార్‌జంగు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను 1869లో గద్దె నెక్కునాటికి పసివాడు. 1870లో ఒడంబడిక కుదిరెను. ఖర్చు నిజాము ప్రభుత్వముది. సుమారు 120 మైళ్ల ఆ దారి 1874లో తెరువబడెను. దండుకు మేలయ్యెను, హైదరాబాదు నగరము బొంబాయికి దగ్గర యయ్యెను. కాని ఖజానాపై భారము పడెను. పెట్టిన సొమ్ముకు తగిన రాబడి ఆ తొలి దినములలో చేకూరలేదు.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగు మరణించెను. ఆ సంవత్సరముననే మన ప్రాంతపు భాగ్యమును నిర్ణయించిన పెద్ద బేరము జరిగెను. సికింద్రాబాదునుండి తూర్పుగా వరంగల్లు మీదుగా బెజవాడకును, ఉత్తరముగా మధ్యరాష్ట్రములలోని చాందాకును రైలు సాగింపవలెనని ఒక ప్రణాళిక బయలుదేరెను. లండనులో ‘నిజాము గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అను కంపెనీ ఏర్పడెను. ప్రభుత్వము పక్షమున బేరమాడినవాడు సర్దార్ అబ్దుల్ హఖ్ అను అధికారి. ప్రభుత్వమునకు అంతకుముందే గల వాడి దారియు ఆ కంపెనీ చేతిలోనికి పోయెను. పెట్టుబడిపై నూటికి ఐదు చొప్పున ఇరువది యేండ్లవరకు నిజాము ప్రభుత్వము పూచీ పడెను.

ఇచ్చట మనము వ్రేళ్లపై లెక్క వేయవచ్చును. నూరు రూపాయలకు ఏటికి ఐదు. ఇరువది యేండ్లకు ఐదు ఇరువదులు నూరు. అనగా ఆ గడువులో వడ్డీయే అసలంత యగును. అసలు మాత్రము అట్లే నిలిచియుండును. రైలు తానే సంపాదించినచో ఆ సొమ్ము రైలు రాబడినుండి పోవును. సంపాదింపకున్న ఖజానానుండి పోవును. ఖజానా యనగా ఏమి? మన ముత్తాతలు చెల్లించిన భూమిశిస్తు. మానుకోట ప్రక్కన రాగడి నేల దున్నుకొని, రైలును ఎన్నడును ఎక్కని రైతు, లండనులోని వాటాదారునకు జామీనుగా నిలిచెనన్నమాట. ఆ జామీను కాగితముపై అతని వ్రేలిముద్రను ఎవరును అడుగలేదు.

అడిగినవారు మాత్రము కొందరుండిరి. వారిని గూర్చి చెప్పుటకే నేను ఈ ప్రసంగమునకు పూనుకొంటిని. 1883లో హైదరాబాదు నగరమున చదువుకొన్న పెద్దమనుష్యులు కొందరు కూడి, ఈ రైలు ఒడంబడికలోని నియమములేవి, రాజ్యమునకు ఏమి లాభము, ఏమి నష్టము, ఆ వివరములను ప్రజలకు తెలుపుడని ప్రభుత్వమును కోరిరి. దీనినే చరిత్రకారులు చాందా రైల్వే ఆందోళన మనుచున్నారు. అందు ప్రముఖులు అఘోరనాథ చట్టోపాధ్యాయులు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథులు ఎడింబరోలో విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, హైదరాబాదులో ఉన్నతవిద్యకు పునాది వేసిన మహనీయుడు, సరోజినీదేవికి తండ్రి. ఆయన వంగదేశీయుడు, ఖయ్యూం ముసల్మాను. మతము వేరు, మాతృభాష వేరు; అయినను ప్రజల సొమ్ముకు లెక్క చెప్పవలెనను మాటయందు ఇరువురు ఒకటిగా నిలిచిరి.

వారు ఆయుధము పట్టలేదు. రాజద్రోహము చేయలేదు. కాగితము చూపుడని అడిగిరి, అంతే. దానికి ఫలమేమి? 1883 మే నెలలో అఘోరనాథులను ఉద్యోగమునుండి తప్పించి రాజ్యమునుండి వెడలగొట్టిరి. కొన్నియేండ్లకు గాని ఆయనకు తిరిగి వచ్చు అవకాశము కలుగలేదు. హైదరాబాదు రాజ్యమున నవీన పద్ధతిలో ప్రజాభిప్రాయము తలయెత్తుట ఇదియే మొదలని పలువురు చరిత్రకారుల మతము. చూచితిరా! ఈ సీమలో ప్రజాజీవనము మొలకెత్తినది రైలు లెక్క అడుగుటతో.

ఆందోళన అణగెను, దారి సాగెను. 1886లో వరంగల్లు వరకు, 1888లో డోర్నకలు వరకు, 1889లో బెజవాడ వరకు బండ్లు నడచినవి. కొండలు తక్కువైనను వాగులు, చెరువు అలుగులు ఎక్కువైన నేల యిది. కాకతీయుల కాలమునుండి ఒక చెరువు అలుగు మరియొక చెరువునకు పారునట్లు కూర్చిన సీమ. దానికి అడ్డముగా మట్టికట్ట పోసి, కట్టక్రింద నీరు పోవుటకు తూములు, వంతెనలు కట్టి, పైన కంకర పరచి, దానిపై దూలములు, దూలములపై ఐదడుగుల ఆరంగుళముల వెడల్పున పట్టాలు వేసిరి. గంపలతో మట్టి మోసిన వేలకొలది స్త్రీపురుషుల పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు.

ఈ దారి డోర్నకలు దిక్కునకు తిరుగుటకు ముఖ్యకారణము బొగ్గు. భద్రాచలయాత్రకు పోవువారు పొయ్యికి పెట్టిన నల్లరాళ్లు తామే మండెనని ఒక జనశ్రుతి కలదు. 1871-72 ప్రాంతమున భూగర్భశాఖకు చెందిన డాక్టరు కింగ్ ఇల్లందు దాపున బొగ్గును పరిశీలించి నిర్ధారించెను. చేరువనున్న సింగరేణి గ్రామము పేరే ఆ బొగ్గునకు నిలిచెను. 1888లో డోర్నకలునుండి ఇల్లందు గనులకు శాఖ పడెను. మరుసటి సంవత్సరము గనులలో త్రవ్వకము సాగెను. ఆవిరియంత్రమునకు ఆహారము బొగ్గు. దూరమునుండి తెప్పించినచో ఖర్చు అధికము. దారి ప్రక్కనే బొగ్గు దొరకుటచే రైలు బొగ్గును మోసెను, బొగ్గు రైలును నడపెను.

బొగ్గు హక్కుల కథయు రైలు కథ వంటిదే. 1886లో నిజాము ప్రభుత్వము గనుల హక్కును ఇంగ్లండులో పుట్టిన హైదరాబాదు దక్కను కంపెనీకి ఇచ్చెను. ఆ కంపెనీ వాటాల విక్రయములో జరిగిన అక్రమములు బయటపడి, 1888లో ఇంగ్లండు పార్లమెంటువారే విచారణసంఘమును నియమించిరి. రైలు బేరమాడిన అబ్దుల్ హఖ్ ఈ వ్యవహారముననే పదవి కోల్పోయెను. ఐదేండ్ల క్రితము లెక్క అడిగినవారిని దేశమునుండి వెడలగొట్టిన ప్రభుత్వమునకు, లెక్క అడుగనీయకపోవుట వలని నష్టమెంతయో అప్పుడు తెలిసివచ్చెను. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబరులో ఏర్పడెను. 1945లో అందలి అధిక వాటాలను హైదరాబాదు ప్రభుత్వము కొనెను. నేడది ప్రభుత్వరంగ సంస్థ.

రైలు వచ్చుటచే మన పల్లెలకు ఏమి జరిగెను? మేలు కీడులు రెండును చెప్పుట న్యాయము.

రైలుకు ముందు ఈ సీమలో సరకు మోసినవారు లంబాడీలు. సముద్రతీరమునుండి ఉప్పును మోసికొని వచ్చి, ఇచ్చటి ధాన్యమును మోసికొని పోయెడివారు. వందలాది ఎద్దుల వీపులపై గోతాలు వేసి, ఆలుబిడ్డలతో, కుక్కలతో, పాటలతో అడవిదారుల సాగెడి ఆ బిడారులు దేశమునకు నరముల వంటివి. ఉప్పు గోతాము రైలుపెట్టె నెక్కిన నాడు ఎద్దువీపు ఖాళీ యయ్యెను. తరతరముల వృత్తి ఒక్క తరములో పోయెను. పైగా దేశదిమ్మరులను అనుమానముతో చూచు చట్టములు వచ్చి పడినవి. వారు తండాలు కట్టుకొని, అడవి కొట్టి, సేద్యమునకు దిగిరి. నేడు మన మహబూబాబాదు జిల్లాలో ప్రతి ముగ్గురిలో ఒకరికి మించి గిరిజనులే. వారిలో అధికసంఖ్యాకులు లంబాడీ సోదరులు. వారు ఈ నేలకు నిన్నటివారని కొందరు తేలికగా పలుకుదురు. రైలు రాకముందు ఈ దేశమునకు ఉప్పు పెట్టినవారు వారని మరువరాదు.

రైలుతో కొత్త ఊళ్లును, కొత్త పేర్లును పుట్టినవి. ఘనపురములు పెక్కు గలవు. వానిలో ఒకదానికి స్టేషనే ఇంటిపేరై ‘స్టేషన్ ఘనపూరు’ అయినది. మన మానుకోటకు మహబూబ్ అలీ ఖాను పేర మహబూబాబాదు అను నామము కలిగెను. మ్రానుల కోట మానుకోట యయ్యెనని పెద్దలు చెప్పుదురు. కాగితముపై ఒక పేరు, నాలుకపై ఒక పేరు నేటికిని రెండును బ్రతికియున్నవి. చిన్న పల్లెయైన డోర్నకలు జంక్షనై పెరిగెను. తిరునల్వేలినుండి వచ్చి అచ్చట పనిచేసిన వేదనాయకము శామ్యూలు అజరయ్య 1912లో డోర్నకలు బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడు ఆయనయే. 1939లో ప్రతిష్ఠింపబడిన అచ్చటి దేవాలయము మసీదు, గుడి, చర్చి రీతులను కలిపికొని నిలిచియున్నది.

వర్తకమున కలిగిన మార్పు మీకు తెలిసినదే. బండి కట్టి రోజులకొలది నడిచినగాని చేరని సరకు ఒక రాత్రిలో బెజవాడ చేరెను. వరంగల్లు, కేసముద్రము, మానుకోట బజారులు పెరిగినవి. అట్లే ఇచ్చటి గింజ ధర ఇచ్చటి పంటనుబట్టి గాక, దూరపు బజారును బట్టి నిర్ణయమగుట మొదలయ్యెను. కరవునాడు గింజను తెచ్చునదియు రైలే. ధర యున్ననాడు గింజను తరలించుకొని పోవునదియు రైలే. కత్తికి రెండువైపుల పదును.

ఇక ఈ సభకు సన్నిహితమైన మాట. ఆ పెట్టెలలో బొగ్గు, గింజ మాత్రమే గాక కాగితము కూడ ప్రయాణము చేసెను. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయము వెలసెను. అధికారభాష వేరైన రాజ్యమున తెలుగు చదువునకు ఇవియే నీడనిచ్చినవి. మదరాసులోను, బెజవాడలోను, బందరులోను అచ్చయిన పుస్తకములకు, పత్రికలకు ఈ సీమ చేరుటకు ఇంతకంటె దగ్గరదారి లేదు. 1922లో, కేసముద్రము చేరువనున్న ఇనుగుర్తి అను పల్లెనుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ‘తెనుగు’ పత్రికను వెలువరించిరి. నగరము కాదు, పట్టణము కాదు. మన వంటి పల్లె! పల్లెలో అచ్చుయంత్రము పెట్టి పత్రిక నడుపుట ఆనాడు సాహసము. సభ జరుపవలెనన్న ముందు అనుమతి పొందవలెనను ‘గష్తీ 53’ నాటి రోజులవి. ఆంధ్రమహాసభలలో 1934, 1945 సభలు ఖమ్మములోను, 1944 సభ భువనగిరిలోను జరిగినవి. రెండును ఈ దారిమీది ఊళ్లే. దండును తరలించుటకు, బొగ్గును మోయుటకు వేసిన దారి, వేసినవారు తలపని సరకును, అనగా ఆలోచనను, మోసెను.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పెదను. 1883 ప్రణాళికకు పేరిచ్చిన చాందా దిక్కునకు దారి పూర్తి యగుటకు దాదాపు నలువది ఆరేండ్లు పట్టెను. కాజీపేట–బల్లార్షా దారి 1929 నాటికి పూర్తియై, ఢిల్లీకి మదరాసుకు నడుమ సూటిమార్గ మేర్పడెను. 1930 ఏప్రిల్ 1న ప్రభుత్వము కంపెనీనుండి రైలును కొని ‘నిజాము స్టేట్ రైల్వే’ గావించెను. 1932 జూనులో ఆ రైల్వేశాఖయే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించెను. నేడు మన ఊరికి వచ్చు ఆర్టీసీ బస్సు పుట్టుక యదియే. 1951 నవంబరులో నిజాము రైలు భారతప్రభుత్వపు మధ్యరైల్వేలో కలిసెను. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రముగా దక్షిణమధ్య రైల్వే ఏర్పడెను. లండను వాటాదారులది, పిదప నిజాముది, పిదప దేశప్రజలది; దారి యొకటే, యజమానులు ముగ్గురు.

యజమానులము మనమైనాము గదా, ఇక ప్రశ్నలు తీరినవా? తీరలేదని చెప్పుటకు రెండు నిదర్శనములు.

మొదటిది 2024 నాటి వరద. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన కుండపోత వానలకు చెరువులు పొంగి గండ్లు పడినవి. సెప్టెంబరు 1న ఇంటికన్నె–కేసముద్రము నడుమ, తాళ్లపూసపల్లి–మహబూబాబాదు నడుమ కట్ట కోసికొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయినవి. చిక్కుకొన్న ప్రయాణికులకు ఈ ప్రాంతమువారు అన్నము, నీరు అందించిరి. వందలాది కార్మికులు వానలో రేయింబగళ్లు శ్రమించి మూడునాలుగు రోజులలో దారి నిలిపిరి. వారికి మన నమస్కారములు. కాని ఒక సంగతి ఆలోచింపవలెను. చెరువుల గొలుసునకు అడ్డముగా పోయిన ఈ కట్టక్రింద నీరు పోవు తోవలు పూడినచో, ఆక్రమణలకు లోనైనచో, కట్టయే ఆనకట్ట యగును. ఏ వాగు ఏ తూములో పారునో గ్రామస్థులకు తెలిసినంత ఇతరులకు తెలియదు. ఆ తెలివి వ్రాతలోనికి రావలెను. అధికారుల యెదుట పెట్టబడవలెను.

రెండవది నిలుపుదల మాట. 2023 జనవరి 15న సికింద్రాబాదు–విశాఖపట్టణముల నడుమ వందేభారత్ బండి ప్రారంభమైనది. మన కట్టపై దుమ్ము లేపుచు పోవు ఆ బండికి, ప్రారంభించిన నాడు ప్రకటించిన నిలుపుదలలలో వరంగల్లు, ఖమ్మము ఉన్నవి. వాని నడుమనున్న మన మూడు స్టేషనులలో, అనగా కేసముద్రము, మహబూబాబాదు, డోర్నకలులలో, ఒక్కటియు లేదు. వేగపు బండికి ప్రతి ఊరిలో ఆగుట చెల్లదని నేనెరుగుదును. కాని మన వాళ్లు ఎక్కువగా ఎక్కునవి పాసింజరు బండ్లు. అవి వేళకు నడచుచున్నవా, చాలినన్ని గలవా అను ప్రశ్న న్యాయమైనదే. ఇక భూపాలపల్లి ప్రాంతమును చూడుడు. అచ్చట బొగ్గు గలదు, విద్యుత్కేంద్రము గలదు. ప్రయాణికుల రైలు మాత్రము లేదు. ఆ దిక్కుగా కొత్త దారి వేయు ప్రతిపాదన చిరకాలముగా వినుచున్నాము. అది వచ్చు నాడు, బొగ్గుతోబాటు మనుష్యులను కూడ మోయునా యని అచ్చటివారు ముందే అడుగవలెను. దారి పడిన పిదప అడుగుటకంటె, గీత గీయునాడు అడుగుట మేలని 1883 నాటి కథ చెప్పుచున్నది.

సోదరులారా! ఇప్పుడు గ్రంథాలయమునకును రైలునకును గల సంబంధము స్పష్టమైనదనుకొందును. అఘోరనాథులు, ఖయ్యూం అడిగిన ప్రశ్న చిన్నది: ఒడంబడిక కాగితము ప్రజలకు చూపుడు. కాగితము చూడనివాడు లెక్క అడుగలేడు. చదువలేనివాడు కాగితము చూచియు ఫలము లేదు. ఆనాడు ఆ ప్రశ్నకు శిక్ష బహిష్కారము. నేడు మనకు సమాచారహక్కు చట్టము 2005 నుండి గలదు. గ్రామసభ గలదు. ఓటు గలదు. అడుగువారే తక్కువ. అడుగు అలవాటును నేర్పు బడియే గ్రంథాలయము. పత్రిక చదువుట కాలక్షేపము మాత్రమే కాదు. మన సొమ్ము ఎటు పోవుచున్నదో కనిపెట్టియుండుట.

కావున ఈ రజతోత్సవమున కార్యవర్గమువారికి ఒక మనవి చేయుచున్నాను. మన ఊళ్లలో గ్యాంగుమన్లుగా, పాయింట్సుమన్లుగా, స్టేషను కూలీలుగా జీవితము గడపిన వృద్ధులు ఇంకను కొందరున్నారు. తాతలు చెప్పగా బిడారుల కథలు విన్న తండా పెద్దలున్నారు. వారి మాటలను వారి నోటివెంటనే విని, తేదీలు, ఊళ్లపేర్లు సరిచూచి వ్రాయించుడు. పాత టికెట్లు, టైము పట్టికలు, పాత ఛాయాచిత్రములు ఇండ్లలో చెదలు తినకముందే ఒక బీరువాలో చేర్చుడు. వాగులు, తూములు, అలుగుల పటమొకటి బడిపిల్లల చేత గీయించి గోడకు తగిలించుడు. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, శ్రద్ధ కావలెను. లండనులో కూర్చున్న వాటాదారునకు ఈ దారి లెక్క యేటేట అచ్చులో అందెను. దానికి జామీను నిలిచిన రైతు మనుమలకు ఆ దారి చరిత్ర ఒక నోటుపుస్తకములోనైన దొరకవలెను గదా!

పట్టాలు పరచినవారి ఉద్దేశమేదైనను, వాటిపై ఏమి మోయవలెనో తుదకు ప్రజలే నిర్ణయించిరి. ఆ నిర్ణయశక్తిని మన పిల్లలకు ఇచ్చు స్థలముగా ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము, వజ్రోత్సవము జరుపుకొనుగాక యని కోరుచున్నాను.